కాలు అడిగినంతే

మిర్చి కోతలు ఊపందుకునేసరికి దర్శి చుట్టుపక్కల రోడ్ల మీద నడిచే బండ్ల బరువు మారిపోతుంది. తాళ్లూరు, ముండ్లమూరు, కురిచేడు వైపు కళ్లాల్లో ఎండిన కాయ టిక్కీలనే బస్తాల్లోకెక్కి గుంటూరు యార్డుకు బయలుదేరుతుంది. అంతకు ముందు నెలల్లో ఇవే బండ్లు పత్తి మోసి ఉంటాయి. ఈ బరువులన్నిటినీ లాగేది ఇంజిన్ అని అందరికీ తెలుసు. ఇంజిన్ గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ బరువును సమయానికి ఆపే పరికరం గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

కారు బానెట్ ఎత్తి చూడండి. డ్రైవరు కూర్చునే వైపు, ఇంజిన్‌కూ మనకూ మధ్య ఉండే రేకు గోడకు ఆనుకుని, నల్లరంగు పూసిన గుండ్రటి డబ్బా ఒకటి కనిపిస్తుంది. దాని ముందు, బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్, ఆ సిలిండర్ నెత్తిన బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంటాయి. గుండ్రటి డబ్బా పేరు బ్రేక్ బూస్టర్. రబ్బరు పొర ఒకటి, స్ప్రింగు ఒకటి, రెండు మూడు వాల్వులు, బొటనవేలి గోరంత రబ్బరు బిళ్ల ఒకటి. లోపల ఉన్న సామాను దాదాపు ఇంతే. ఇంత తక్కువ సామానుతో ఇంత వివేకంగా పనిచేసే భాగం కారులో మరొకటి లేదని నా నమ్మకం. బలం ఇచ్చే యంత్రాలు లోకంలో చాలా ఉన్నాయి. అడిగినంతే ఇచ్చి, ఎంత ఇచ్చిందీ అడిగినవాడి కాలికి తెలిసేలా చేసే యంత్రం అరుదు. బూస్టర్ పనితనమంతా ఆ కొలతలోనే ఉంది. పాడైనప్పుడు దాన్ని మార్చే మెకానిక్ పనితనమూ ఆ కొలతను చెడగొట్టకుండా నిలబెట్టడంలోనే ఉంది.

నెట్టేది గాలి

బూస్టర్ వాడుకునే బలం మన చుట్టూ ఉన్న గాలిదే. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా గాలి కిలోకు కాస్త ఎక్కువ బరువు మోపుతుంది. 1640లలో ఇటలీలో టొరిచెల్లి ఈ బరువును 760 మిల్లీమీటర్ల పాదరసంతో తూచి చూపించాడు. తర్వాతి దశాబ్దంలో జర్మనీలో ఒటో ఫాన్ గెరిక్ రెండు రాగి అర్ధగోళాలను కలిపి లోపలి గాలిని తోడేశాడు. గుర్రాలను కట్టి లాగించినా అవి విడిపోలేదు. అన్ని వైపుల నుంచీ సమానంగా ఉంటుంది కనుక ఆ బరువు మనకు తెలియదు. ఒకవైపు గాలి తీసేస్తే చాలు, రెండోవైపు గాలి నెట్టడం మొదలుపెడుతుంది.

పెట్రోలు ఇంజిన్‌లో ఈ గాలి తీసే పని ఊరికే జరుగుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే గాలి దారిలోని రేకు మూసుకుంటుంది. లోపల పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. దాంతో ఆ దారిలో 450 నుంచి 550 మిల్లీమీటర్ల పాదరసమంత శూన్యం ఏర్పడుతుంది. అక్కణ్ణుంచి ఒక గొట్టం బూస్టర్‌కు వస్తుంది. మామూలు డీజిల్ ఇంజిన్‌లో గాలిని అలా అడ్డగించే రేకు లేదు కనుక శూన్యం కోసం వేరే పంపు పెట్టాలి. మన దగ్గర తిరిగే చాలా డీజిల్ బండ్లలో ఈ వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. ఇంజిన్ ఆయిలే దాన్ని తడుపుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. షెడ్డు దగ్గర దీనితో పనిపడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 9 అంగుళాల వ్యాసం ఉన్న బూస్టర్ పొర వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. ఒకవైపు 500 మిల్లీమీటర్ల శూన్యం, రెండోవైపు మామూలు గాలి ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.68 కిలో తేడా వస్తుంది. రెంటినీ గుణిస్తే సుమారు 280 కిలోలు. మిర్చి టిక్కీ ఒకటి నలభై కిలోలనుకుంటే ఏడు టిక్కీల బరువు! అంత బరువూ పెట్రోలు, కరెంటు ప్రత్యేకంగా ఖర్చు చేయకుండా, ఒక రబ్బరు పొర మీద గాలి వాలడం వల్ల పుడుతోంది.

శూన్యంతో బండిని ఆపడం మన ప్రాంతానికి కొత్త కాదు. కురిచేడు, దొనకొండ మీదుగా గుంటూరు, గుంతకల్లు మధ్య నడిచిన మీటర్‌గేజ్ రైళ్లు వ్యాక్యూమ్ బ్రేకులతోనే ఆగేవి. అక్కడి ఏర్పాటు మాత్రం తలకిందులు. రైలు పొడుగునా ఉన్న గొట్టంలో శూన్యం ఉన్నంతసేపూ బ్రేకులు వదులుగా ఉంటాయి, గాలి చొరబడితే పడతాయి. అందుకే గొలుసు లాగితే రైలు ఆగేది, పెట్టె తెగిపోయినా ఆగేది. కారులో శూన్యం పోతే సాయం పోతుంది, బ్రేకు పోదు. పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ దాకా కడ్డీల వరస తెగకుండా ఉంటుంది కనుక కాలి బలమంతా చక్రాలకు చేరుతుంది. నాలుగింతలు గట్టిగా తొక్కాల్సి వస్తుంది, అంతే. యంత్రం విఫలమైనా మనిషికి దారి మూసుకుపోకూడదని ముందే ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది. ఆ ముందుచూపు దగ్గరే నాకు ఈ పరికరం మీద మొదటి గౌరవం కలిగింది.

కార్లకు సర్వో అని పిలిచే ఈ శూన్యపు సాయం ఏర్పాటు చేసినవారిలో ముఖ్యుడు బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ డ్వాండ్ర్. 1927లో జర్మనీలోని బాష్ కంపెనీ ఆయన పద్ధతిలో సర్వో బ్రేకును మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో 1962లో మద్రాసు పాడిలో మొదలైన బ్రేక్స్ ఇండియా ఈ రంగంలో పేరున్న సంస్థ. వందేళ్లు కావస్తున్నా బూస్టర్ మూలసూత్రం మారలేదు.

గుండెకాయ లాంటి వాల్వు

డబ్బాను మధ్యలో రబ్బరు పొర రెండు గదులుగా విడదీస్తుంది. ఇంజిన్ వైపున్న ముందు గదికి శూన్యపు గొట్టం వస్తుంది. ఆ గొట్టం మొదట్లో ఒకవైపే పనిచేసే వాల్వు ఉంటుంది. అది గాలిని బయటికి పోనిస్తుంది, లోపలికి రానివ్వదు. ఇంజిన్ ఆగిపోయినా రెండు మూడు సార్లు తొక్కడానికి సరిపడా శూన్యం డబ్బాలో నిలవుండేది దీని వల్లే.

కాలు పెట్టనప్పుడు రెండు గదుల మధ్య దారి తెరిచే ఉంటుంది. రెండు వైపులా ఒకే శూన్యం కనుక పొర కదలదు. పెడల్ తొక్కగానే కడ్డీ కొద్దిగా ముందుకు జరిగి మొదట ఆ మధ్యదారిని మూస్తుంది. ఇంకాస్త జరగగానే బయటి గాలికి దారి తెరుస్తుంది. వరస ఇలాగే ఉండాలి. రెండు దారులూ ఒకేసారి తెరుచుకుంటే గాలి నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. గాలి పెడల్ దగ్గరి నురుగు ఫిల్టర్ గుండా వెనక గదిలోకి దూరుతుంది. ముందు శూన్యం, వెనక గాలి. పొర ముందుకు నెట్టుకుంటూ పోయి మాస్టర్ సిలిండర్ కడ్డీని తోస్తుంది.

ఇక్కడితో ఆగితే ఇది బలం ఇచ్చే యంత్రం మాత్రమే. పెడల్‌ను కొద్దిగా తాకినా మొత్తం 280 కిలోలూ చక్రాల మీద పడి, బండి నిలువునా ఆగిపోయేది. అలా జరగకుండా చూసేది నేను మొదట చెప్పిన రబ్బరు బిళ్ల. షెడ్లలో దీన్ని రియాక్షన్ డిస్క్ అంటారు. ముందున్న కడ్డీకీ, వెనకున్న పొర దిమ్మకూ మధ్య ఇది కూర్చుంటుంది. బిళ్ల వెనక ముఖం మీద అంచు భాగాన్ని పొర నెడుతుంది, నడిమి భాగాన్ని మన కాలి కడ్డీ నెడుతుంది. మాస్టర్ సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ బిళ్ల నలుగుతుంది. గూటిలో బంధించి నలిపిన రబ్బరు ద్రవంలా ప్రవర్తించి, ఖాళీ దొరికిన నడిమి వైపుకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాలి కడ్డీని వెనక్కి నెట్టి, గాలి దారిని మూసేస్తుంది. రెండు దారులూ మూతబడగానే పొర ఉన్నచోటే ఆగుతుంది. బ్రేకు ఆ ఒత్తిడి దగ్గరే నిలుస్తుంది. ఇంకా కావాలంటే ఇంకా తొక్కాలి. కాలు సడలిస్తే మధ్యదారి తెరుచుకుని గదులు మళ్లీ సమానమవుతాయి. స్ప్రింగు పొరను వెనక్కి పంపుతుంది.

గాలి ఎన్నింతలు సాయం చేయాలన్నది ఈ బిళ్ల వైశాల్యంలో నడిమి భాగానికి ఎంత వాటా ఇచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. నాలుగో వంతు ఇస్తే కాలు ఒక వంతు, గాలి మూడు వంతులు. పాదం 20 కిలోల బలంతో తొక్కితే పెడల్ మీట దాన్ని నాలుగింతలు చేసి 80 కిలోలు కడ్డీకి ఇస్తుందనుకుందాం. గాలి 240 కిలోలు కలిపితే ముందుకు 320 కిలోలు వెళ్తాయి. ఆ 320లో నాలుగో వంతును బిళ్ల పాదానికి వెనక్కి వినిపిస్తూనే ఉంటుంది. రోడ్డు మీద ఎంత గట్టిగా ఆపుతున్నామో డ్రైవరుకు అరికాలితో తెలుస్తున్నదంటే ఈ నాలుగో వంతు వల్లే. గాలి ఇవ్వగలిగినంతా ఇచ్చేశాక, అంటే మన లెక్కలో 280 కిలోల తర్వాత, మిగతా భారమంతా కాలిదే. నిర్ణయం ఎప్పుడూ మనిషిది, శ్రమలో ఎక్కువ వాటా గాలిది. ఏ కంప్యూటరూ లేని రోజుల్లో ఇంత సున్నితమైన బేరాన్ని ఒక రబ్బరు ముక్కతో కుదిర్చిన పనివాళ్లకు దండం పెట్టాలి.

షెడ్డులో

దర్శిలో ఒక షెడ్డు ముందు పాత డీజిల్ కారుకు బూస్టర్ మారుస్తుంటే దగ్గర నిలబడి చూశాను. బండి యజమాని చెప్పిన కంప్లయింటు చిన్నది. "బ్రేకు బిగుసుకుపోయింది మేస్త్రీ. సీట్లోంచి లేచి తొక్కాల్సొస్తోంది."

మేస్త్రీ వెంటనే పానా పట్టుకోలేదు. ఇంజిన్ ఆపి పెడల్‌ను గట్టిపడేదాకా పదేపదే తొక్కాడు. తొక్కి పట్టుకుని స్టార్ట్ చేశాడు. బూస్టర్ బాగుంటే ఇంజిన్ అందుకోగానే పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగలేదు. పెడల్ నొక్కి ఉంచి డాష్‌బోర్డు కిందికి చెవి పెట్టాడు. గాలి జారుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. పొర చిరిగిందని ఇక్కడికే ఎవరైనా చెప్పేస్తారు. ఆయన శూన్యపు గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టి తిప్పి బయటికి తీశాడు. వేలికి నల్లటి ఇంజిన్ ఆయిల్ అంటుకుంది.

"బూస్టర్ పోయిందండీ, సరే. పోగొట్టిందెవరో కూడా చూడాలిగా" అన్నాడు.

ఆ ఒక్క మాటలో నాకు ఆయన పనితనమంతా కనిపించింది. వ్యాక్యూమ్ పంపు పాడై ఆయిల్‌ను బూస్టర్ వైపు ఊస్తోంది. ఆ రబ్బరుకు ఇంజిన్ ఆయిల్ పడదు. ఉబ్బి, మెత్తబడి, చివరికి చిరుగుతుంది. పంపును వదిలేసి బూస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది. శత్రువు రెండో వైపు నుంచి కూడా రావచ్చు. మాస్టర్ సిలిండర్ వెనక సీలు అరిగితే బ్రేక్ ఆయిల్ కిందికి కారకుండా బూస్టర్‌లోకి చేరుతుంది. బయట ఎక్కడా తడి ఉండదు, ఆయిల్ డబ్బాలో మట్టం మాత్రం తగ్గుతూ వస్తుంది. పెట్రోలు బండిలో ఆ ఆయిల్‌ను ఇంజిన్ పీల్చుకుంటే సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంది. అందుకే బూస్టర్ విప్పేముందు ఈ రెండు దారులనూ చూసినవాడే సరైన మెకానిక్.

పంపు సంగతి తేల్చుకున్నాక పని మొదలైంది. ఆయిల్ మట్టం చెప్పే సెన్సర్ వైరు తీశాడు. మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించిన రెండు నట్లు విప్పి, సిలిండర్‌ను పైపులతో సహా మెల్లగా ముందుకు జరిపి ఒక తాడుతో కట్టి నిలిపాడు. పైపులు వంగలేదు, ఊడలేదు. అవి ఊడకపోతే లోపలికి గాలి చేరదు, తర్వాత చక్రం చక్రానికీ గాలి తీసే పని తప్పుతుంది. చోటు చాలని బండ్లలో పైపులు విప్పక తప్పదు. అప్పుడు కారిన బ్రేక్ ఆయిల్‌ను వెంటనే నీళ్లతో కడగాలి, లేదంటే పెయింటును తినేస్తుంది.

తర్వాత అసలు కష్టం. డ్రైవరు సీటు వెనక్కి నెట్టి, వెల్లకిలా పడుకుని, తల పెడల్స్ కిందికి పెట్టాలి. పెడల్‌నూ కడ్డీనీ కలిపే పిన్ను తీయాలి. రేకు గోడకు ఉన్న నాలుగు నట్లు విప్పాలి. ఎండాకాలం దర్శిలో ఆ చోటు ఎంత ఉడుకుతుందో చెప్పనక్కర్లేదు. పై రెండు నట్లు కంటికి కనిపించవు. ఆయన వేళ్లతో తడిమి, సాకెట్ కూర్చున్నదని చేతికి తెలిశాకే రాచెట్ తిప్పాడు. పిన్ను తీసేటప్పుడు అవతల ఉన్న కుర్రాడితో, "ఒరే, బూస్టర్ పట్టుకో, బరువు కడ్డీ మీద పడనీయకు" అన్నాడు.

పాతది బయటికి వచ్చాక కొత్తదాన్ని దాని పక్కన పెట్టి కొలతలు చూశాడు. డబ్బా వ్యాసం, నాలుగు బోల్టుల మధ్య దూరం, వెనక కడ్డీ పొడవు సరిచూశాడు. పాత కడ్డీ మీద నట్టు ఎక్కడ ఉందో చూసి కొత్తదాని నట్టును సరిగ్గా అక్కడికే తెచ్చాడు. ముందు కడ్డీని మాత్రం లాగి చూడబోయిన కుర్రాడి చెయ్యి గబుక్కున పట్టుకున్నాడు. ఆ కడ్డీని బలంగా లాగితే రియాక్షన్ డిస్క్ జారి డబ్బాలో పడిపోవచ్చు. బిళ్ల లేని బూస్టర్‌కు కొలత ఉండదు, కాలు ఆనిస్తేనే బ్రేకు విరుచుకుపడుతుంది.

అరమిల్లీమీటరు లోపలి ధర్మం

బిగించే ముందు ఆయన ఎక్కువసేపు తీసుకున్నది ముందు కడ్డీ పొడవు దగ్గరే. ఈ కడ్డీ కొసకూ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య చాలా చిన్న సందు ఉండాలి. సందు ఎక్కువైతే పెడల్ కొంతదూరం ఖాళీగా దిగుతుంది. సందు లేకపోతే అంతకంటే ప్రమాదం. కాలు తీసినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాకు తిరిగిపోయే చిన్న రంధ్రం మూతబడే ఉంటుంది. నడుస్తున్నకొద్దీ వేడెక్కి వ్యాకోచించిన ఆయిల్‌కు బయటికి దారి ఉండదు. ప్యాడ్లు డిస్కులకు రాసుకుంటాయి, ఆ రాపిడికి ఇంకా వేడెక్కుతాయి, చివరికి చక్రాలు పట్టేస్తాయి. షెడ్డులో అంతా బాగున్నట్టే ఉండి, పొదిలి రోడ్డు ఎక్కిన కాసేపటికి బయటపడే తప్పు ఇది.

ఆయన కడ్డీ కొసకు చిన్న మైనం ముద్ద అంటించి, మాస్టర్ సిలిండర్‌ను ఎక్కించి, రెండు నట్లూ బిగించి, మళ్లీ విప్పాడు. నలిగిన మైనం మందమే ఆ సందు. వెర్నియర్‌తో కొలిచి, కొస నట్టును రవ్వంత తిప్పి, మళ్లీ అదే పని చేశాడు. సంతృప్తి కలిగేదాకా వదల్లేదు. బయటికి కనిపించని చోట, ఎవరూ అడగని చోట ఇంత ఓపిక పట్టడమే నా దృష్టిలో గొప్ప పనితనం.

చివరికి సిలిండర్‌కూ బూస్టర్‌కూ మధ్య కొత్త రబ్బరు రింగు, కొత్త గొట్టం, కొత్త వన్‌వే వాల్వు వేశాడు. పెడల్ పిన్నుకు కొత్త క్లిప్పు పెట్టాడు. బ్రేకు దీపం వెలుగుతున్నదో లేదో కుర్రాణ్ణి వెనక నిలబెట్టి చూపించుకున్నాడు. జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి, వదులుగా తిరుగుతున్నాయని తేల్చుకున్నాకే బండిని రోడ్డెక్కించాడు. తిరిగొచ్చాక ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూశాడు.

బండి ఉన్నవాళ్లకు

విద్యుత్ కార్లలో శూన్యం ఇచ్చే ఇంజిన్ లేదు. కొన్నిటిలో చిన్న ఎలక్ట్రిక్ పంపు ఆ పని చేస్తోంది. మరికొన్నిటిలో మోటారే నేరుగా కడ్డీని నెడుతోంది. కానీ మన రోడ్ల మీద గాలి బూస్టర్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. వాటిని కనిపెట్టుకుని ఉండటం కష్టమేమీ కాదు.

నెలకొకసారి మూడు పరీక్షలు చేయండి. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా తొక్కి, తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి, పెడల్ కొద్దిగా దిగాలి. రెండు నిమిషాలు నడిపి ఆపేసి మెల్లగా మూడు సార్లు తొక్కండి, ప్రతిసారీ పెడల్ ఎత్తు కాస్త పెరగాలి. ఇంజిన్ నడుస్తుండగా తొక్కిపట్టి ఇంజిన్ ఆపండి, అర నిమిషం పాటు పెడల్ కదలకూడదు. వీటిలో ఏది తప్పినా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. పెడల్ దగ్గర పత్తి నూగు, మిరప ధూళి పేరుకోనివ్వకండి, బూస్టర్ ఊపిరి తీసుకునేది అక్కణ్ణుంచే. అంచులు మడిచి మూసిన డబ్బాను విప్పించి కిట్టు వేయించే బదులు కొత్తది వేయించండి.

మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఇంధనం మిగులుతుందని ఇంజిన్ ఆపి బండిని జారనివ్వకండి. నిలవున్న శూన్యం రెండు మూడు తొక్కులతో అయిపోతుంది, ఆ తర్వాత ఘాట్ రోడ్డు మలుపుల్లో మీ కాలు ఒక్కటే మిగులుతుంది. గేరులో, ఇంజిన్ నడుస్తుండగానే దిగండి. బూస్టర్ మార్పించేటప్పుడు పాతది ఎందుకు పోయిందని, కడ్డీ సందు కొలిచారా అని మీ మెకానిక్‌ను అడగండి. ఆ రెండు ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్పే మనిషి దొరికితే, కూలి ఎంతడిగినా బేరమాడకుండా ఇవ్వండి.